సూర్యబింబముపై నల్లచుక్క

సూర్యునకు అడ్డముగ వచ్చునవి మూడు విధములు. చంద్రుడు వచ్చినచో గ్రహణమందుము. పంచాంగమున స్పర్శకాలమును, మోక్షకాలమును చూచుకొందుము. పట్టుస్నానము, విడుపుస్నానము చేయుదుము. బుధశుక్రులు వచ్చినచో వారు చిన్న నల్లచుక్కలై బింబముపై గంటలతరబడి మెల్లగ జరుగుదురు. మన యిండ్లలో పెక్కింటికి ఆ సంగతియే తెలియదు. మూడవది మానవుడు స్వహస్తములతో నిర్మించి ఆకాశమునకు పంపిన నౌక. అది ఱెప్పపాటు కాలములో బింబమును దాటిపోవును. దానికి తిథి లేదు, స్నానము లేదు, దానము లేదు. వట్టి కంటికి అందని ఆ దాటును ఛాయాచిత్రమున పట్టు విద్య ఈ శతాబ్దారంభమునుండి లోకమున వ్యాపించుచున్నది.

ఇది నిన్నమొన్నటి వింత యని కొందఱు తలంతురు. పూర్వచరిత్రను విచారించినచో అందలి ముఖ్యఘట్టములు కొన్ని మన తెలుగునేలపైననే జరిగినట్లు తెలియును. గుంటూరు, మచిలీపట్టణము, వనపర్తి, విశాఖపట్టణము అను నాలుగు ఊళ్ళ పేళ్ళు ఆ చరిత్రలో కలవు. మడకశిరవంటి కరవుసీమకు సైతము అందొక విధమైన సంబంధము కలదు. ఆ కథను క్రమముగ చెప్పి, అందుండి మన గృహములు గ్రహింపదగిన దేమో చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

సూర్యగ్రహణమునకు చంద్రుడే కారణమని మన పూర్వులు ఎఱుగనివారు కారు. క్రీస్తుశకము 499 ప్రాంతమున ఆర్యభటుడు సూర్యుని చంద్రుడును, చంద్రుని భూచ్ఛాయయు కప్పునని స్పష్టముగ చెప్పెను. వరాహమిహిరుడు బృహత్సంహితయందు రాహువు మ్రింగుననుమాటను తర్కించి త్రోసివేసెను. పంచాంగకర్తలు నేటికిని రాహువు ఆకలినిబట్టి గ్రహణమును గణింపరు. సూర్యచంద్రుల గతులనుబట్టియే గణింతురు. లెక్క జ్యోతిశ్శాస్త్రమునుండియు, భయము పురాణకథనుండియు తెచ్చుకొని రెంటిని ఒక్క పుటలో అచ్చువేసికొనుచున్నాము. ఇది మన యింటి విచిత్రము. లెక్కను నమ్మినవారు ఆ లెక్క చెప్పిన కారణమును మాత్రము ఏల నమ్మరాదో మాకు బోధపడదు.

ఇక చరిత్రకు వత్తము. విభవనామ సంవత్సరమున, అనగా 1868 ఆగష్టు 18వ తేదిని, సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ ఏడెనుమీదుగ వచ్చి, దక్షిణాపథమును అడ్డముగ దాటి, మన తీరమువద్ద సముద్రమున ప్రవేశించి సయాముదేశమువైపు సాగెను. గుంటూరున సూర్యుడు పూర్తిగ మఱుగుపడియున్న కాలము అయిదు నిమిషములకు మించినది. అంత దీర్ఘమైన గ్రహణము అరుదు. కావున ఐరోపాఖండపు శాస్త్రజ్ఞుల కండ్లు గుంటూరుపై పడినవి. ఇంగ్లీషువారి పక్షమున మేజర్ టెనంటు అక్కడ దిగెను. ఫ్రెంచివారి పక్షమున పియెర్ జాన్సెన్ అను నాతడు వచ్చి, గుంటూరులో వర్తకము చేయుచున్న లెఫోషూర్ అను ఫ్రెంచివాని యింట తన యంత్రములను నెలకొల్పుకొనెను. మద్రాసు నక్షత్రశాలాధిపతియగు పాగ్సను మచిలీపట్టణమునకు పోయెను.

టెనంటు ముఖ్యోద్దేశము సూర్యుని ఛాయాచిత్రములను తీయుట. ఆ దినములలో ఛాయాచిత్రమనగా నేటివలె మీట నొక్కిన వచ్చునది కాదు. గాజుపలకపై కొలోడియను అను జిగురుద్రవమును సమముగ పూసి, దానిని వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆరకమునుపే కెమేరాలో నుంచి, వెలుతురు చూపి, తక్షణమే చీకటిగదికి కొనిపోయి కడుగవలెను. తడి ఆరెనా పలక చెడెను. మన ఆగష్టు మాసపు ఉక్కలో ఈ పని ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. ఒకరు పలకను సిద్ధముచేయవలెను, ఒకరు దూరదర్శినికడ నుండవలెను, ఒకరు కాలమును లెక్కింపవలెను, ఒకరు కడుగవలెను. ఉన్నవి అయిదు నిమిషములు. అందులో తప్పిన దానిని దిద్దుకొనుటకు మఱుసటి అవకాశము ఎన్ని యేండ్లకో, ఏ దేశముననో వచ్చును. ఆ దినమున ఆకాశమున పలుచని మబ్బు ఉండియు చిత్రములు లభించినవి. బింబపు అంచున కొమ్మువలె పైకి లేచిన గొప్ప అగ్నిజ్వాల ఒకటి ఆ పలకలపై నిలిచియున్నది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగును. అంతకుముందు గ్రహణములను చూచినవారు తాము చూచినదానిని చేతితో గీసెడివారు. ఒకే గ్రహణమును పదిమంది గీసిన పది బొమ్మలు పది విధములుగ నుండెడివి. చీకటిలో, ఆతురతలో, ఆశ్చర్యములో చూచిన కన్ను తనకు తెలియకయే కొంత కలుపును, కొంత విడుచును. గాజుపలకకు ఆతురత లేదు. అదియు పొరపడవచ్చునుగాని, దాని పొరపాటును ఇంకొకరు కూర్చుండి కొలువవచ్చును. చూచినవాని మాట చూడనివానికి సైతము పరీక్షకు దొరకుట ఛాయాచిత్రము చేసిన మహోపకారము.

జాన్సెన్ ఆశ్రయించినది వర్ణపటమును. జ్వాలల వెలుతురును గాజుపట్టకముద్వారా విడదీసి చూడగా ప్రకాశవంతములైన గీతలు కనబడినవి. అవి మండుచున్న వాయువులని, అందు ముఖ్యమైనది హైడ్రోజనని తేలినది. ఆ గీతల ప్రకాశమును చూచి, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునుగదా యని ఆతనికి తోచెను. మఱునాటి ఉదయమున గుంటూరులోనే ప్రయత్నించి, వెలుగుచున్న సూర్యుని అంచున ఆ జ్వాలలను చూచెను. ఇంగ్లాండులో నార్మన్ లాకియరు అను నాతడు ఇదే యుక్తిని స్వతంత్రముగ కనిపెట్టి అక్టోబరు మాసమున చూచెను. ఇరువురి వార్తలును పారిసు అకాడమీలో ఒక్క దినముననే చదువబడినవి. ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములతో 1872లో పతకము వేయించెను. ఆ కాలముననే సూర్యుని వర్ణపటమున కనబడిన ఒక పసుపుపచ్చని గీత భూమిపై తెలిసిన యే మూలద్రవ్యమునకును చెందకుండెను. దానికి సూర్యుని గ్రీకునామమునుబట్టి హీలియమని పేరిడిరి. 1895లో రామ్సే అను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని భూమిపై ఖనిజమునుండి పట్టుకొనెను. అట్లు మన గుంటూరు పేరు హీలియము చరిత్రలో చేరినది.

ఇదంతయు పరదేశీయుల కథ, మనవారేమి చేసిరని చదువరులు అడుగవచ్చును. అదే గ్రహణమునకు మద్రాసు నక్షత్రశాలనుండి ఒక బృందము వనపర్తికి పోయినది. దానికి నాయకుడు చింతామణి రఘునాథాచార్యులుగారు. ఈయన పంచాంగకర్తల వంశమున పుట్టి, నక్షత్రశాలలో చిన్న యుద్యోగమున చేరి, ప్రథమ సహాయక పదవికి వచ్చిన మహనీయుడు. 1867లో రెటిక్యులము అను నక్షత్రమండలమున వెలుతురు హెచ్చుతగ్గులగు తారనొకదానిని కనిపెట్టెను. 1872లో ఇంగ్లాండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యుడయ్యెను. కంటికి కనబడుదానితో సరిపోల్చి దిద్దిన దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. ప్రాచీనగ్రంథములందలి అంకెలు కాలక్రమమున ఆకాశముతో ఎడబడినవనియు, చూచి దిద్దుకొనుట శాస్త్రధర్మమేగాని శాస్త్రద్రోహము కాదనియు ఆయన పట్టు. ఆయన మతమున పరిశీలనము ఆచారమునకు శత్రువు కాదు; ఆచారమును నిలబెట్టు గోడ.

1874 డిసెంబరు 9వ తేదిని శుక్రుడు సూర్యబింబమును దాటెను. ఇట్టి దాటు ఎనిమిదేండ్ల యెడముతో జంటగ వచ్చి, పిమ్మట నూఱేండ్లకు పైగా రాదు. 1639లో హారొక్సు అను ఆంగ్ల యువకుడు దానిని మొదట చూచెను. భూమిపై దూరదూరమున నున్న స్థలములనుండి శుక్రుడు బింబమును తాకు క్షణమును, విడుచు క్షణమును కొలిచినచో సూర్యుడెంత దూరముననున్నాడో లెక్కకట్టవచ్చునని 1716లో హాలీ పండితుడు ఉపాయము చెప్పెను. కావున 1874లో సకలరాజ్యములును నౌకలపై శాస్త్రజ్ఞులను దేశదేశములకు పంపినవి. గుంటూరున చిత్రములను తీసిన టెనంటు ఈ మాఱు ఉత్తరదేశమందలి రూర్కీలో నిలిచెను.

రఘునాథాచార్యులుగారు ఈ సందర్భమున చేసినపని మా దృష్టిలో మిక్కిలి గొప్పది. రాబోవు వింతను దేశస్థులకు తెలుపుటకై ఇంగ్లీషునను, కొన్ని దేశభాషలయందును ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దానికి సంస్కృతమున శుక్రగ్రస్త సూర్యగ్రహణమని పేరు. పండితునకును సిద్ధాంతికిని జరిగిన సంభాషణరూపమున, ఏమి కనబడునో, ఏల కనబడునో, ఎట్లు చూడవలెనో అందు వివరించెను. ఆకాశమున జరుగు సంగతి దొరలకు మాత్రమే కాక ఇంటింటి జనులకు సైతము చెందునని ఆయన తలంచెను. అట్టి తలంపుగలవారు నేటికిని మనలో కొఱతగనే యున్నారు.

అదే ఉదయమున విశాఖపట్టణమున అంకితము వెంకట నరసింగరావుగారు తన సొంత నక్షత్రశాలనుండి శుక్రుని దాటును పరిశీలించి, తాను కొలిచిన కాలములను ఇంగ్లాండునకు పంపెను; అవి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారి మాసపత్రికలో అచ్చుపడినవి. ఆ నక్షత్రశాలను 1840లో డాబాతోటలలో స్థాపించినవారు ఆయన మామగారగు గోడే వెంకట జగ్గారావుగారు. ప్రభుత్వపు జీతము లేక, బిరుదు ఆశింపక, ఒక తెలుగు కుటుంబము రెండు తరములపాటు ఆకాశమును కనిపెట్టియుండెను. ఆంధ్రులకు శాస్త్రమునందు అభిరుచి లేదను అపవాదునకు ఇంతకన్న సమాధాన మక్కఱలేదు.

ఇక జాన్సెన్ సంగతి. ఆతడు శుక్రుని చూచుటకు జపానులోని నాగసాకికి పోయెను. శుక్రుడు బింబపు అంచును తాకు క్షణమేదో ఎవ్వరును సరిగ చెప్పలేకుండిరి. నల్లచుక్కకును అంచునకును నడుమ నీటిబొట్టువలె ఒక నల్లని తోక సాగి కన్నును మోసపుచ్చుచుండెను. ఆ క్షణము తెలియదు కనుక, దానికి ముందును వెనుకను వరుసగ చిత్రములు తీసిన ఏదో ఒకదానియందు అది పడునని జాన్సెన్ యోచించెను. గుండ్రని పలకను గడియారపు యంత్రముతో అంచెలంచెలుగ త్రిప్పుచు, 72 సెకనులలో 48 చిత్రములు తీయు పనిముట్టును చేయించెను. రివాల్వరు తుపాకివలె తిరుగునది కావున దానికి ఛాయాచిత్రపు రివాల్వరని పేరు వచ్చినది. ఆ యేటి చిత్రములవలన సూర్యుని దూరము ఆశించినంత సరిగ తేలలేదు. అయినను యుక్తి వ్యర్థము కాలేదు. దాని ననుసరించి మారే అను ఫ్రెంచివాడు 1882లో పక్షుల యెగురుటను వరుసచిత్రములుగ తీసెను. 1895లో ల్యూమియేరు సోదరుల చలనచిత్రము వెలసినది. వారు తీసిన తొలిచిత్రములలో ఒకదానియందు వృద్ధుడైన జాన్సెన్ సైతము కనబడును.

మా సీమకు ఈ కథతో గల సంబంధమును ఇపుడు చెప్పవలెను. 1876లో వానలు తప్పినవి. రెండేండ్లపాటు మద్రాసు రాజధానిని దహించిన ఆ దుర్భిక్షమునే మనవారు ధాతకరవు అందురు. అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది. అప్పటికి ఈ ప్రాంతము బళ్ళారి జిల్లాలోనిది. పసులు పోయినవి, పిమ్మట మనుష్యులు పోయిరి; లక్షలకొలది జనము మడిసిరి. 1877లో లాకియరు, హంటరు అను వారిరువురు సూర్యునిపై మచ్చలకును మన కరవులకును సంబంధము కలదని ఒక వ్యాసము ప్రకటించిరి. గుంటూరు జాన్సెన్‌తో పతకమును పంచుకొన్న లాకియరే ఇతడు. సూర్యుని మచ్చలు దాదాపు పదునొకండేండ్ల కొకమాఱు హెచ్చి తగ్గును. దానినిబట్టి వానలను ముందుగ తెలిసికొనవచ్చునేమో యని ఆశ పుట్టినది. ఆ యాశ ఒక కారణముగనే కొడైకానలు కొండపై సౌరనక్షత్రశాల 1899లో నెలకొన్నది. అచ్చట 1904నుండి దినదినమును సూర్యుని ఛాయాచిత్రములు తీయుచున్నారు.

మచ్చలనుబట్టి మన వానలను చెప్పగలిగిరా? లేదు. లెక్కలు పెరిగినకొలది ఆ సంబంధము నిలువలేదు. మన ఋతుపవనములకు దూరమున నున్న పసిఫిక్ మహాసముద్రపు వేడితో ఎక్కువ సంబంధము కలదని తరువాత తేలినది. 1877లో ఆ సముద్రము అసాధారణముగ వేడెక్కియుండెనని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని మేము ఇందు గౌరవింపదగిన దానిని చూచుచున్నాము. ఒక పెద్దమనిషి పెద్దమాట చెప్పెను, పలకలు దాచబడినవి, వానితో పోల్చి ఆ మాట నిలువదని తరువాతివారు తేల్చిరి. చెప్పినవాడు మహాపండితుడని ఎవ్వరును లెక్కను మార్చలేదు. ఆకాశమును చూచి వానజోస్యము చెప్పువారు మన పల్లెలలో నేటికిని కలరు. వారి జోస్యము తప్పిన సంవత్సరములను వ్రాసి దాచినవారు ఎందఱు?

ఇపుడు నౌకల మాట. 1998లో నిర్మాణ మారంభమై, 2000 నవంబరునుండి నిరంతరము మనుష్యులు వసించుచున్న అంతర్జాతీయ అంతరిక్షకేంద్రము భూమికి దాదాపు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్నది. దాని పొడవు 109 మీటర్లు. వేగము సెకనునకు 7.7 కిలోమీటర్లు. తలపైగా పోవునపుడు అది మన కంటికి ఎంత కోణమును ఆక్రమించునని లెక్కించినచో, సూర్యబింబపు అడ్డుకొలతలో దాదాపు ముప్పదినాలుగవ వంతని తేలును. 1874లో శుక్రుడు కనబడిన పరిమాణమును ఇంచుమించు అంతియే. కాని శుక్రుడు బింబమును దాటుటకు నాలుగు గంటలకు పైగా పట్టినది. ఈ కేంద్రమునకు అర సెకను చాలును. సూర్యుడు దిగువనున్నపుడు కేంద్రము దూరమగును గనుక కొంచెము చిన్నదై, ఒకటి రెండు సెకనులు నిలుచును.

ఈ దాటు అందఱకును కనబడదు. భూమిపై ఒక సన్నని పట్టీలో నున్నవారికి మాత్రమే అది సూర్యునిపైగా పోవును. సూర్యుడు నడినెత్తిన ఉన్నపుడు ఆ పట్టీ వెడల్పు నాలుగు కిలోమీటర్లైనను ఉండదు. మడకశిర నడివీధిలో నిలిచినవానికి కేంద్రము సూర్యునిపై పోయినచో, అదే క్షణమున హిందూపురమున నున్నవానికి ఏమియు కనబడదు. వాతావరణపు పైపొర రాపిడివలన కేంద్రము కొంచెము కొంచెము క్రిందికి జాఱుచుండును. దానిని మరల పైకి త్రోయుచుందురు. కావున పది దినముల క్రిందటి లెక్క పనికిరాదు. ఒకటి రెండు దినములలోపల చేసిన క్రొత్తలెక్క కావలెను. పాతపంచాంగము పనికిరాదన్న రఘునాథాచార్యులుగారి న్యాయమే ఇదియును.

2006 సెప్టెంబరు 17వ తేదిని థియెరీ లెగో అను ఫ్రెంచి ఇంజనీరు నార్మండీ ప్రాంతమున నిలిచి, అట్లాంటిస్ అను నౌకయు అంతరిక్షకేంద్రమును ప్రక్కప్రక్కగ సూర్యునిపై పోవుచుండగా చిత్రము తీసెను. నౌక కేంద్రమునుండి విడిపడి అప్పటికి గంటయైన కాలేదు. ఆ చిత్రమున నౌక ఱెక్కలు, కేంద్రపు ఫలకములు విడివిడిగ కనబడును. 2009 మేలో హబ్బులు దూరదర్శినిని బాగుచేయబోవుచున్న అట్లాంటిసును సైతము ఆయనే ఫ్లోరిడానుండి సూర్యునిపై పట్టెను. ఆయన ఏ ప్రభుత్వ నక్షత్రశాలకును ఉద్యోగి కాడు. 2017 ఆగష్టు 21 నాటి గ్రహణమున అమెరికా అంతరిక్షసంస్థవారు సగము మఱుగుపడిన సూర్యునిపై కేంద్రము పోవుటను సెకనునకు 1500 చిత్రముల చొప్పున తీసిరి. జాన్సెన్ రివాల్వరు ఒకటిన్నర సెకనునకు ఒక చిత్రము తీసినది. వేగము పెరిగినదిగాని యుక్తి అదియే: క్షణము తెలియదు, కావున వరుసగ తీయుము, అందొకదానిలో పడును.

మన గృహస్థులు దీనిని చేయదలచినచో కావలసినవి ఎక్కువ కాదు. చిన్న దూరదర్శినియో, దూరపు వస్తువులను దగ్గఱగ చూపు కటకము గల కెమేరాయో కావలెను. దాని ముందువైపున, అనగా వెలుతురు లోనికి ప్రవేశించుచోట, సూర్యునికై తయారుచేసిన ఫిల్టరును గట్టిగ బిగింపవలెను. వెనుక, కంటివైపున పెట్టరాదు. అక్కడ కేంద్రీకరించిన వేడికి అది పగిలిన కన్ను పోవును. పొగచూరిన గాజు, ఎక్సురే ఫిలిము, నల్లకండ్లద్దములు ఎంతమాత్రము పనికిరావు. సూర్యునిపై మచ్చయున్న దాని అంచు స్పష్టముగ కనబడువఱకు కటకమును సరిచేసికొనవలెను. దాటు జరుగునని లెక్క చెప్పిన క్షణమునకు కొన్ని సెకనులు ముందుగ వరుసచిత్రములు మొదలిడవలెను. మా సీమ సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్నది. ఏడాదిలో పెక్కు నెలలు మబ్బుండదు. అయినను మధ్యాహ్నవేళ కాగిన గుండ్లమీదుగ లేచు వేడిగాలి బింబపు అంచును నీళ్ళవలె కదలించును. కావున ఉదయపు వేళ మేలు. వేరుసెనగను ఎండగట్టు ఆకాశమే ఈ పనికి అనుకూలమని చెప్పుట మాకు సంతోషకరము కాదు; కాని ఉన్న ఆకాశమును ఉపయోగించుకొనుట తప్పు కాదు.

చిత్రమువలన పొట్ట నిండునా, కరవుసీమకు ఇదెందులకని కొందఱు ఆక్షేపింతురు. పొట్ట నిండదు. చెఱువు పూడిక తీసినట్టి ఫలము దీనివలన వచ్చునని మేము చెప్పము. కాని మన యిండ్లలో గ్రహణవేళ జరుగుచున్నదానిని చూడుడు. 2019 డిసెంబరు 26 నాటి ఉదయమున మా యూర సూర్యబింబము చాలవఱకు కప్పబడెను. అట్టి దృశ్యము మరల ఎన్నడో! మా వీధిలో పెక్కు తలుపులు మూసియుండెను. గర్భిణులను గదినుండి వెలికి రానీయలేదు; నీళ్ళు త్రాగనీయలేదు; పిల్లలు కిటికీసందునుండి చూడబోయిన అదలించిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదిని తెలుగునేలపైగా సంపూర్ణగ్రహణము పోయినపుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్ రంగాపూర్ నక్షత్రశాలకు శాస్త్రజ్ఞులు చేరి చూచిరి. వీధులు మాత్రము నిర్మానుష్యములై యుండెను. చంద్రుని నీడవలన గర్భస్థశిశువునకు కీడు కలుగునని వైద్యశాస్త్రము ఎచ్చటను చెప్పదు. కీడు ఒక్కటియే: రక్షణలేని కంటితో సూర్యుని చూచుట. దానిని నివారించుటకు తలుపు మూయనక్కఱలేదు. తగిన ఫిల్టరు చాలును. కాగితమునకు సూదిబెజ్జము చేసి గోడపై పడిన సూర్యబింబమును చూచినను చాలును.

ఇంకొక యోచన చేయుడు. సూర్యునకు ఏదైన అడ్డువచ్చుటయే దోషమైనచో, అంతరిక్షకేంద్రము దినమునకు ఇంచుమించు పదునాఱుమాఱులు భూమిని చుట్టుచున్నది. పగటివేళ దాని త్రోవ క్రింద ఎక్కడనో ఒకచోట ఎవరి యింటిమీదనో సూర్యుని దాటుచునే యున్నది. మనమెవ్వరమును స్నానము చేయుటలేదు. ఎవరికిని కీడు కలుగుటలేదు. దాని కారునీడ పండ్రెండు కిలోమీటర్లు మించి సాగదు, భూమిని చేరనే చేరదు. అది చిన్నది, చంద్రుడు పెద్దవాడు కదా యందురేమో. పరిమాణమున భేదమేగాని పనిలో భేదమేమి? వెలుతురునకు అడ్డమువచ్చిన వస్తువు నీడ వేయును; ఇది చెట్టునకును చంద్రునకును ఒకటియే. పైగా ఆ చుక్కలో మనుష్యులుందురు. 2021 నవంబరునుండి 2022 మే వఱకు ఆ కేంద్రమున పనిచేసిన రాజాచారిగారి తండ్రి హైదరాబాదునుండి అమెరికా పోయినవారు. ఆ నెలలలో సూర్యునిపై పోయిన నల్లచుక్కను రాహువందుమా, మన బంధువందుమా?

చరిత్రకు చివరిముడి ఒకటి కలదు. రఘునాథాచార్యులుగారు పనిచేసిన మద్రాసు నక్షత్రశాల కొడైకానలుగ పెరిగినది. ఆ సంస్థయే నేడు బెంగుళూరులోని భారతీయ తారాభౌతిక సంస్థయై వెలయుచున్నది. వారు నిర్మించిన ఒక దూరదర్శిని ఆదిత్య యెల్ వన్ అను నౌకపై, 2023 సెప్టెంబరు 2వ తేదిని మన తెలుగుతీరమందలి శ్రీహరికోటనుండి బయలుదేరి, 2024 జనవరిలో భూమికి పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునివైపున, తన స్థానమును చేరినది. అందలి అమరిక సూర్యబింబమును ఎల్లపుడును మఱుగుచేయును. చుట్టునున్న కాంతివలయము కనబడును. గుంటూరులో అయిదు నిమిషములకై సముద్రములు దాటి వచ్చిరి. ఇపుడు మనవారే గ్రహణమును చేతులతో చేసికొని అహోరాత్రములు చూచుచున్నారు. మనుష్యుడు చేసికొనగలిగిన గ్రహణమునకు మనుష్యుడు భయపడుట హాస్యాస్పదము కాదా?

2032 నవంబరు 13వ తేదిని బుధుడు సూర్యబింబమును దాటును. మన దేశమున పగటివేళ కనబడును. శుక్రుని దాటు 2117వఱకు లేదు; అది మన మనుమల మనుమలకు. అంతరిక్షకేంద్రమును 2030 ప్రాంతమున దించివేయ సంకల్పించియున్నారు. కావున చూడదలచినవారు ఆలస్యము చేయరాదు. ఇంటి తండ్రులు ఫిల్టరును కొనితెండు. తల్లులు పిల్లలను, ముఖ్యముగ ఆడుపిల్లలను, మిద్దెపైకి రానిండు. లెక్కను ఆ పిల్లలచేతనే వేయింపుడు. మీట వారిచేతనే నొక్కింపుడు. చిత్రమున చుక్క పడినచో దాని వెనుక తేదిని, వేళను, ఊరిపేరును వ్రాసి దాచుడు. పడకున్నచో అదియును వ్రాసి దాచుడు.